బంతి చేతిలో లేనివాడికీ ఆట నేర్పే శిబిరం: విజయనగరంలో నలభై రోజుల బాస్కెట్‌బాల్ శిక్షణపై ఒక తండ్రి సమీక్ష

ఈ వేసవిలో మా అబ్బాయిని విజయనగరంలో నడిచే ఒక బాస్కెట్‌బాల్ శిక్షణ శిబిరంలో నలభై రోజుల పాటు చేర్పించాను. వాడికి పదమూడేళ్లు. వయసుకు తగ్గ పొడవు ఉన్నాడు గానీ బంతి వేయడంలో చెయ్యి ఇంకా కుదురుకోలేదు. స్కూలు జట్టులో పేరు ఉన్నా, మ్యాచ్ జరిగినంతసేపూ చాలావరకు బెంచీ మీదే ఉండేవాడు. వచ్చే ఏడాది తమ పిల్లలను ఇక్కడ చేర్పించవచ్చునా అని తెలిసినవాళ్లు కొందరు అడుగుతున్నారు కాబట్టి, నచ్చినవీ నచ్చనివీ వివరంగా రాస్తున్నాను. నచ్చనివాటిలో ఒకటి చిన్నది కాదు. అందుకే శిబిరం పేరు ఇక్కడ పెట్టడం లేదు. నిర్వాహకులకు ఆ మాట నేరుగానే చెప్పాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. బంతిని బుట్టలో వేయడం నేర్పేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. బంతి వేసేవాడి పక్కన ఉండే మిగతా నలుగురికీ, బెంచీ మీద పిలుపు కోసం ఎదురుచూసే ఏడుగురికీ కూడా చెయ్యవలసిన పని ఒకటి ఉందని, ఆ పనిని పాఠంలా, వరుసగా, రోజూ నేర్పాలని పట్టుబట్టిన శిబిరాన్ని మాత్రం నేను ఇదొక్కదాన్నే చూశాను. నేను కాలేజీ జట్టులో పన్నెండో ఆటగాడిని. మూడేళ్లలో నాకు ఆ పని ఏమిటో ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ సమీక్షలో నాకు కొంత పక్షపాతం ఉంటే ఉండవచ్చు.

శిక్షణ ఉదయం ఐదున్నర నుంచి ఏడున్నర వరకు. కోర్టు సిమెంటుది, ఆరుబయట ఉంటుంది, కోట నుంచి నడిచి వెళ్లేంత దూరం. మే నెలలో ఏడున్నర దాటితే ఆ నేల మీద కాలు నిలవదు కాబట్టి సమయం విషయంలో వాళ్లు చాలా ఖచ్చితంగా ఉంటారు. ఐదు నలభైకి వచ్చిన పిల్లవాడు కోర్టు చుట్టూ పరుగు తీసి గాని బంతి ముట్టుకోకూడదు. ఇద్దరు శిక్షకులు ఉన్నారు. పెద్దాయనను పిల్లలందరూ మేస్టారు అనే పిలుస్తారు, రెండో ఆయన కోచ్ సార్. అమ్మాయిలకు వేరే బ్యాచి ఉన్నా వారానికి రెండు రోజులు అందరినీ కలిపి ఆడిస్తారు. ఆ రెండు రోజులూ మంచి ఆట చూడవచ్చు.

ఇక్కడి పద్ధతిలో నన్ను మొదట ఆకట్టుకున్నది ఒక చదరాల నోటుపుస్తకం. ప్రతి మ్యాచ్‌కీ ఒక పెద్ద పిల్లవాడు గీత బయట పెన్సిలు పట్టుకుని కూర్చుంటాడు. ఎవరు ఎన్ని పాయింట్లు వేశారన్నది ఆ పుస్తకంలో ఉండదు, దానికి వేరే షీటు ఉంది. ఈ పుస్తకంలో ఉండే గడులు వేరు: సరిగా పెట్టిన స్క్రీన్ (అదేమిటో కింద చెబుతాను), చేసిన బాక్స్ అవుట్ (తప్పిన బంతి దగ్గరకు ప్రత్యర్థి రాకుండా ఒంటితో అడ్డుకోవడం), చెయ్యి అడ్డంపెట్టి దారి మళ్లించిన పాస్, తన మనిషిని వదిలి పక్కవాడికి సాయం వెళ్లడం, బుట్ట పడటానికి దారితీసిన పాస్‌కు ముందు వేసిన పాస్. రాత్రికి మేస్టారు ఆ లెక్కలు చూసుకుని, మర్నాడు ఉదయం అందరి ముందూ చదువుతారు. మొదటి వారం మా అబ్బాయి పేరు పక్కన దాదాపు అన్నీ సున్నాలే. దానికి వాడు సిగ్గుపడలేదు గానీ, ఆ గడులు అసలు ఉన్నాయన్న సంగతికే ఆశ్చర్యపోయాడు. ఇంటికి వచ్చి, "నాన్నా, బంతి పట్టుకోకపోయినా మార్కులు ఉన్నాయి" అన్నాడు.

ఆట మధ్యలో ఈల వేసి, అందరినీ ఉన్నచోటే ఆపి, మేస్టారు ఎవరో ఒకరి వైపు వేలు చూపించి అడిగే ప్రశ్న ఒకటే: "బంతి నీ దగ్గర లేనప్పుడు నువ్వేటి చేస్తన్నావురా?" సమాధానం చెప్పలేనివాడు బయటకు వచ్చి, రెండు నిమిషాలు ఆట చూసి, మళ్లీ లోపలికి వెళ్లాలి. కేకలు ఉండవు, తిట్లు ఉండవు. నలభై రోజుల్లో ఆయన ఒక్క పిల్లవాడి మీద కూడా చెయ్యి చేసుకోలేదని తల్లిదండ్రులకు హామీగా చెప్పగలను.

స్క్రీన్ నేర్పిన తీరును కొంచెం దగ్గరగా చెబుతాను, ఎందుకంటే మా అబ్బాయి మార్పు అక్కడే మొదలైంది. స్క్రీన్ అంటే మన షూటర్‌ను వెంటాడుతున్న ప్రత్యర్థికి దారిలో కదలకుండా నిలబడి అడ్డుపడటం. కదిలితే ఫౌల్. మేస్టారు సుద్దముక్కతో నేల మీద రెండు పాదాలు గీసి, మా వాడిని అందులో నిలబెట్టారు: పాదాలు భుజాల కన్నా కాస్త వెడల్పుగా, మోకాళ్లు కొద్దిగా వంచి, చేతులు రెండూ ఛాతీ మీద కట్టుకుని. షూటర్‌గా ఒక అమ్మాయి మా వాడి భుజానికి తన భుజం రాసుకునేంత దగ్గరగా పరుగెత్తాలి. మధ్యలో చెయ్యి పట్టేంత సందు ఉంటే వెంటాడేవాడు అందులోంచి దూరిపోతాడు. మొదటి రోజు మా వాడు ప్రతిసారీ చివరి క్షణంలో అర అడుగు పక్కకు జరిగాడు. గుద్దుకుంటారేమోనన్న భయం అది. సుద్దగీత చెరిగిపోయేది, మేస్టారు మళ్లీ గీసేవారు. ఐదో రోజు గీత చెరగలేదు. వెంటాడుతున్న కుర్రాడు నేరుగా వచ్చి మా వాడి ఛాతీకి తగిలి ఆగిపోయాడు, ఆ అమ్మాయి ఒంటరిగా, తొందర లేకుండా బంతి వేసింది. బుట్ట పడ్డాక ఆమె వెనక్కి పరుగెత్తుతూ మా అబ్బాయి వైపు చెయ్యెత్తింది. అది కూడా ఇక్కడ నియమమే. బుట్ట వేసినవాళ్లు తమకు దారి చేసినవాళ్లను వేలెత్తి చూపించాలి.

రక్షణ నేర్పేటప్పుడు ఆయన కబడ్డీని తెచ్చారు. మన జిల్లా పిల్లలకు అది చెప్పకుండానే తెలిసిన ఆట. కూతకు వచ్చినవాడి కాలు మూలన ఉన్న ఒకడు పట్టుకుంటాడు, కానీ పక్కవాళ్లు ఆ క్షణంలోనే మీద పడకపోతే పట్టుకున్నవాడే అవుటవుతాడు. బాస్కెట్‌బాల్‌లో సాయం వెళ్లడం కూడా అంతే: ముందున్నవాడు ఓడిపోయాక కదిలితే ఆలస్యం, ఓడిపోబోతున్నాడని కనిపెట్టి కదలాలి. ఆ పోలిక విన్న రోజునే పిల్లల కాళ్లు మారాయని నేను గీత బయట నుంచి చూశాను.

శిబిరంలో అన్నిటికన్నా విలువైనది ఆదివారం తరగతి. ఒక గదిలో గోడకు తెల్లదుప్పటి కట్టి, ప్రొజెక్టర్ పెట్టి, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్‌లోని (ఏడు మ్యాచ్‌లలో ముందుగా నాలుగు గెలిచినవారు ఛాంపియన్లు) చిన్నచిన్న ముక్కలు చూపిస్తారు. తల్లిదండ్రులను కూడా కూర్చోనిస్తారు. పిల్లలు మైకేల్ జోర్డాన్ గాల్లోకి ఎగిరే దృశ్యాలు వస్తాయనుకుంటే, మేస్టారు జోర్డాన్ బంతిని తోటివాడికి ఇచ్చేసిన దృశ్యాలు చూపించారు.

మొదటిది 1993 ఫైనల్స్ ఆరో మ్యాచ్, చికాగో బుల్స్, ఫీనిక్స్ సన్స్ మధ్య. నాలుగో క్వార్టర్‌లో అప్పటివరకూ బుల్స్ వేసినవి తొమ్మిది పాయింట్లు, తొమ్మిదీ జోర్డాన్‌వే. 98-96తో వెనకబడి ఉన్నారు. బంతి జోర్డాన్ నుంచి స్కాటీ పిప్పెన్‌కు, ఆయన నుంచి హోరేస్ గ్రాంట్‌కు వెళ్లింది. గ్రాంట్ బుట్టకు దగ్గరలోనే ఉండి కూడా బంతిని బయట నిలబడిన జాన్ పాక్సన్‌కు పంపాడు. పాక్సన్ త్రీ పాయింటర్ (దూరపు గీత బయట నుంచి వేసే మూడు పాయింట్ల బంతి) వేశాడు, ఇంకా 3.9 సెకన్లు మిగిలి ఉన్నాయి, 99-98. మేస్టారు దృశ్యాన్ని అక్కడ ఆపలేదు. ఆ తర్వాత ఫీనిక్స్ ఆటగాడు కెవిన్ జాన్సన్ వేసిన చివరి బంతిని గ్రాంట్ అడ్డుకున్న చోట ఆపి, "పాక్సన్ పేరు అందరికీ గుర్తుంది. ఈ రెండు పనులు చేసిన గ్రాంట్ పేరు రాసుకోండి" అన్నారు. పిల్లలు నిజంగానే రాసుకున్నారు.

రెండోది 1997 ఆరో మ్యాచ్, యూటా జాజ్‌తో. స్కోరు 86-86. అందరూ జోర్డాన్ మీదకే వస్తారని అందరికీ తెలుసు. జాజ్ ఆటగాడు జాన్ స్టాక్టన్ తన మనిషిని వదిలి జోర్డాన్ వైపు వెళ్లాడు, బంతి ఆ వదిలేసిన స్టీవ్ కెర్ చేతికి వచ్చింది, కెర్ వేశాడు, బుల్స్ ఛాంపియన్లయ్యారు. ఇక్కడ మేస్టారు అడిగింది కెర్ చేతి గురించి కాదు, కాళ్ల గురించి. బంతి రాకముందే ఆయన పాదాలు ఎలా ఉన్నాయో చూడమన్నారు. మూడుసార్లు వెనక్కి తిప్పి చూపించారు. బంతి వచ్చాక సర్దుకునేవాడికి ఆ సమయం ఉండదు. అదే కెర్ 2003లో, కెరీర్ ముగింపులో, శాన్ ఆంటోనియో స్పర్స్ బెంచీ మీద వారాల తరబడి కూర్చుని, డల్లాస్‌పై వెస్టర్న్ కాన్ఫరెన్స్ (లీగ్‌లోని పశ్చిమ విభాగం) ఫైనల్ ఆరో మ్యాచ్‌లో పిలవగానే వచ్చి నాలుగు త్రీ పాయింటర్లు వేస్తే నాలుగూ పడ్డాయి. ఆ ఏడాది కూడా స్పర్సే ఛాంపియన్లు. కూర్చున్నంతకాలం సాధన ఆపనివాడికే అది సాధ్యమని నేను పక్కనున్న మా అబ్బాయికి చెప్పబోయి ఊరుకున్నాను. వాడు గోడవైపే చూస్తున్నాడు.

డెనిస్ రాడ్‌మన్‌పై ఒక ఆదివారం మొత్తం గడిచింది. 1995-96లో, బుల్స్ 72 మ్యాచ్‌లు గెలిచిన సీజన్‌లో, ఆయన సగటున మ్యాచ్‌కు ఆరు పాయింట్లు కూడా వేయలేదు. రీబౌండ్లు (బుట్ట తప్పిన బంతిని అందుకోవడం) మాత్రం దాదాపు పదిహేను. 1992 నుంచి 1998 వరకు వరుసగా ఏడు సీజన్లు రీబౌండ్లలో ఆయనే మొదటివాడు. 1996 ఫైనల్స్‌లో రెండు మ్యాచ్‌లలో పదకొండేసి చొప్పున, మన జట్టు బంతి తప్పాక మళ్లీ మన చేతికే తెచ్చే రీబౌండ్లు తీశాడు. ఎలా తీశాడన్నదే పాఠం. తోటివాళ్లు బంతి వేసే సాధనలో ఆయన నిలబడి, ఎవరి బంతి ఎలా తిరుగుతుంది, ఎక్కడ తగిలితే ఎటు పడుతుంది అని గమనించి గుర్తుపెట్టుకునేవాడు. మర్నాడు మేస్టారు పిల్లలను అదే చేయించారు: ఒకరు మూల నుంచి వేస్తూ ఉండాలి, మిగతావాళ్లు బంతిని పట్టుకోకుండా అది నేల మీద ఎక్కడ పడిందో సుద్దతో చుక్క పెట్టాలి. అరగంట తర్వాత చూస్తే తప్పిన బంతుల చుక్కలు ఎక్కువగా ఎదుటి మూల వైపే గుంపుగా ఉన్నాయి. ఇంతకన్నా స్పష్టంగా ఎవరైనా ఈ విషయం నేర్పగలరని నేను అనుకోను.

2013 ఫైనల్స్ ఆరో మ్యాచ్ కూడా చూపించారు. మయామీ 95-92తో వెనకబడి ఉంది, లెబ్రాన్ జేమ్స్ వేసిన బంతి తప్పింది, క్రిస్ బాష్ రీబౌండ్ తీసి రే అలెన్‌కు ఇచ్చాడు, అలెన్ వెనక్కి నడుస్తూనే కుడి మూలకు చేరి 5.2 సెకన్లు ఉండగా స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలో మయామీ 103-100తో గెలిచింది. ఏడో మ్యాచ్‌లో షేన్ బాటియర్ ఎనిమిది త్రీ పాయింటర్లకు ఆరు వేశాడు. అంతకుముందు రౌండులో ఇండియానాతో జరిగిన ఏడో మ్యాచ్‌లో ఆయనను అసలు కోర్టులోకే దింపలేదు. ఈ ఒక్క సంగతి బెంచీ పిల్లల ముఖాల్లో తెచ్చిన వెలుగును నేను చూశాను.

చివరి ఆదివారం మేస్టారు రెండు సంవత్సరాలను జతచేసి చెప్పారు. 2014లో స్పర్స్ సీజన్‌లో 62 మ్యాచ్‌లు గెలిచారు, ఒక్క ఆటగాడు కూడా సగటున ముప్పై నిమిషాలు ఆడలేదు. ఫైనల్స్‌లో మయామీతో 1-1గా ఉన్నప్పుడు మూడో మ్యాచ్ నుంచి బోరిస్ డియావ్‌ను మొదటి ఐదుగురిలోకి తెచ్చి, మిగతా మూడూ గెలిచారు. మరుసటి ఏడాది ఫైనల్స్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ క్లీవ్‌లాండ్‌తో 2-1తో వెనకబడ్డారు. కోచ్ సహాయకుడు నిక్ యురెన్ అంతకుముందటి ఏడాది స్పర్స్ వీడియో చూసి, అదే మార్పు మనమూ చేద్దామని సూచించాడు. ఆండ్రే ఇగ్వడాలా ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా మొదటి నుంచి ఆడలేదు. నాలుగో మ్యాచ్ నుంచి ఆయనను మొదటి ఐదుగురిలో పెట్టారు. మూడు మ్యాచ్‌లూ గెలిచి వారియర్స్ ఛాంపియన్లయ్యారు, ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడి పురస్కారం ఇగ్వడాలాకు దక్కింది. ఆ మార్పు చేసిన కోచ్ మరెవరో కాదు, 1997లో పాదాలు సర్దుకుని నిలబడిన స్టీవ్ కెర్. ఆటగాడే కాదు, బల్ల దగ్గర వీడియో చూసే సహాయకుడు కూడా ఛాంపియన్ జట్టులో భాగమేనని నోటుపుస్తకం రాసే కుర్రాడి వైపు చూస్తూ మేస్టారు చెప్పారు.

ఈ పనికి ఆయన వాడే మాట పక్కవాద్యం. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు 1936లో సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ అయిన ఊరిలో ఆ మాటకు చిన్నతనం లేదు. వయొలిన్ వాయించేవారు గాయకుడి సంగతిని పట్టుకుని, అతడు ఆగినచోట అందుకుని, మళ్లీ అతడికే అప్పగించాలి. విద్య తక్కువైనవాడికి అది చేతకాదు. సపోర్టింగ్ ప్లేయర్ అన్నప్పుడు పిల్లలకు కలిగే చులకన, పక్కవాద్యం అన్నప్పుడు కలగలేదని గమనించాను.

ఇప్పుడు లోపాలు. కోర్టు పక్కన నీడ లేదు. తాగునీటి డబ్బా ఒకటే ఉంది, ఆరున్నరకల్లా ఖాళీ అవుతుంది. బుట్టల్లో ఒకదాని బోర్డు వదులుగా ఉండి, బంతి తగిలినప్పుడల్లా ఊగుతుంది. చుక్కల సాధన అందుకే రెండో బుట్ట దగ్గరే చేయించాల్సి వచ్చింది. వీటిని సర్దుకోవచ్చు.

సర్దుకోలేనిది ముగింపు రోజు. వేదిక వేశారు, అతిథులు వచ్చారు, పతకం ఒకటే ఇచ్చారు: అందరికన్నా ఎక్కువ పాయింట్లు వేసిన అబ్బాయికి. మిగతా అందరికీ ఒకే రకం ధ్రువపత్రం. ఆ అబ్బాయి మంచి ఆటగాడు, కష్టపడ్డాడు, పతకానికి అర్హుడు. అయితే నలభై రోజులు చదరాల పుస్తకంలో గుర్తులు పెట్టి, ఆ గుర్తుల కోసం మోకాళ్లు చెక్కుకుపోయేలా పిల్లలతో ఆడించి, చివరి రోజు ఆ పుస్తకాన్ని వేదిక మీదకు తేకపోవడం అన్యాయం. నా ముందు వరుసలో బాక్స్ అవుట్లలో మొదటి స్థానంలో ఉన్న బొద్దు కుర్రాడు కూర్చున్నాడు. పతకం ప్రకటించగానే వాడు తన చేతిలోని ధ్రువపత్రాన్ని తిప్పి వెనకవైపు చూశాడు, అక్కడైనా ఏదైనా రాసి ఉందేమో అన్నట్టు. నిర్వాహకులను అడిగితే, అతిథులకు ఆ లెక్కలన్నీ అర్థం కావని అన్నారు. మేస్టారు చేతుల్లో ఆ నిర్ణయం లేదని తర్వాత తెలిసింది. ఎన్‌బీఏ వారే 1982-83 సీజన్ నుంచి బెంచీ మీది నుంచి వచ్చి ఆడేవారిలో అత్యుత్తమ ఆటగాడికి ప్రత్యేకంగా పురస్కారం ఇస్తున్నారు; మొదటిసారి అందుకున్న బాబీ జోన్స్ జట్టు ఫిలడెల్ఫియా ఆ ఏడాది ఛాంపియన్ కూడా. అతిథులకు ఈ ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. వచ్చే ఏడాది పుస్తకంలోని ప్రతి గడికీ ఒక పతకం ఇవ్వాలని రాతపూర్వకంగా కోరాను. పతకాలకు అయ్యే ఖర్చులో కొంత తల్లిదండ్రులం భరిస్తామని కూడా రాశాను. ఇంకా జవాబు రాలేదు.

అయినా మా అబ్బాయిని వచ్చే వేసవికి మళ్లీ చేర్పిస్తాను. స్కూలు తెరిచాక జరిగిన మొదటి మ్యాచ్‌లో వాడు పదకొండు నిమిషాలు ఆడి రెండే పాయింట్లు వేశాడు. వాడు కోర్టులో ఉన్నంతసేపూ వాళ్ల జట్టు షూటర్ ఒంటరిగా బంతి వేసుకున్నాడు. ఆట అయ్యాక వాళ్ల పీఈటీ గారు నన్ను పిలిచి, వీడికి ఈ స్క్రీన్ ఎవరు నేర్పారండీ అని అడిగారు.

చేర్పించదలచినవారికి కొన్ని వివరాలు. ఫీజు నలభై రోజులకు 2,500 రూపాయలు, అన్నదమ్ములు ఇద్దరు చేరితే రెండోవారికి సగం. బంతి వాళ్లే ఇస్తారు. నీళ్ల సీసా రెండు లీటర్లది ఇచ్చి పంపండి. మోకాలి తొడుగులు మీరే కొనాలి. నాలుగో వారంలో ఎదురొచ్చేవాడి ముందు నిలబడి, తగిలించుకుని పడటం నేర్పుతారు, అంటే ఛార్జ్ తీసుకోవడం. నేల సిమెంటుది కాబట్టి ఆ వారం తొడుగులు లేకుండా పిల్లలను పంపకండి.